తాతగారి ట్రంకుపెట్టెలో తెల్ల తోలు ఆప్రాన్. ఎగ్మోరు లాడ్జి సంగతి ఎవరికైనా తెలుసా?

పురసవాక్కం_పాప:
ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తున్నాం, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి. అటక మీంచి తాతగారి ట్రంకుపెట్టె దించితే పాత కరెంటు బిల్లుల అడుగున ఒక తోలుసంచీ దొరికింది. అందులో తెల్లటి ఆప్రాన్ ఒకటి ఉంది. వంటింటిది కాదు, గొర్రెతోలులా మెత్తగా ఉంది, చుట్టూ లేత నీలం పట్టీ, రెండు పక్కలా వెండి గొలుసుల్లాంటి కుచ్చులు. తెల్ల గ్లౌజులు. నీలం రిబ్బనుకి వేలాడే వెండి బిళ్ల. జేబులో పట్టే పుస్తకం ఒకటి, తెరిస్తే సగం మాటలుండవు, అన్నీ పొడి అక్షరాలూ చుక్కలే. రెండు సర్టిఫికెట్లు, ఒకటి లండన్ నుంచి, ఒకటి ఢిల్లీ నుంచి.

తాతగారు హార్బర్‌లో గుమాస్తా. నేను పుట్టకముందే పోయారు. నెలకో శనివారం, మే నెల ఎండలో కూడా, నల్ల కోటూ నల్ల టై వేసుకుని సాయంత్రం నాలుగింటికి బయల్దేరి రాత్రి పదకొండుకి వచ్చేవారట. ఎక్కడికి అంటే "లాడ్జికి" అనేవారట, అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని నాయనమ్మ ఇరవై ఏళ్లు ఏడ్చింది.

ఇప్పుడు మా మేనత్త పురోహితుణ్ణి పిలిపించింది. ఆయన బిళ్ల చూసి "ఇది యంత్రం, మంచిది కాదు, ఇంట్లో ఉంచకండి" అనేశాడు. వచ్చే అమావాస్యకి మెరీనాలో కలిపెయ్యాలని అత్త పట్టు. మా తాత ఏం చేసేవాడసలు? తెలిసినవాళ్లు చెప్పండి, అమావాస్య ఇంకా తొమ్మిది రోజులుంది.

కారందోశ:
లాడ్జికి కోటూ టైతో వెళ్లేవారా! ట్రిప్లికేన్ లాడ్జికి లుంగీతో వెళ్లినా రూమ్ ఇస్తారండీ.

ఆవడి_అబ్బాయి:
పాపం ఆ నాయనమ్మ 😂

పాతమేడల_పిచ్చి:
నవ్వకండి, ఇది ఆ లాడ్జి కాదు. ఫ్రీమేసన్లని ఒక పాత సోదర సంఘం, వాళ్ల శాఖని లాడ్జి అంటారు. ఎగ్మోరులో ఎతిరాజ్ సాలై మీద ఫ్రీమేసన్స్ హాల్ ఉంది చూశారా, కాలేజీ ఉన్న రోడ్డే, ఒకప్పుడు కమాండర్-ఇన్-చీఫ్ రోడ్డు అనేవారు. 1923లో పునాది వేసి 1925లో తెరిచారు. మీ తాతగారు వెళ్లింది అక్కడికే అయ్యుంటుంది. ఆప్రాన్, గ్లౌజులు, నల్ల సూటు, పొడి అక్షరాల పుస్తకం, అన్నీ సరిపోయాయి.

పురసవాక్కం_పాప:
ఆ రోడ్డులోనే మూడేళ్లు చదివాను! బస్సులోంచి రోజూ చూసేదాన్ని. ఏదో ట్రస్టు ఆఫీసు అనుకున్నా.

నిజం_నిప్పులాంటిది:
ఫ్రీమేసన్లంటే తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచాన్ని తెరవెనక నడిపేది వాళ్లే. డాలర్ నోటు మీద కన్ను చూడండి. గవర్నర్లు, జడ్జీలు అందరూ సభ్యులే. మద్రాసు గవర్నర్ ఆంప్‌తిల్ ఎవరో వెతుక్కోండి.

కారందోశ:
ప్రపంచాన్ని నడిపేవాళ్లయితే ముందు కూవం నది కంపు పోగొట్టుకునేవాళ్లు. హాలుకి పక్కనేగా.

ఉచిత_కొత్తనార్:
ఫ్రీ మేసన్ అంటే ఉచిత మేస్త్రీ కదా. ఒకర్ని పంపండి, మా బాత్రూం మూడు నెలలుగా కారుతోంది.

పెరంబూరు_పెదనాన్న:
నేను సభ్యుణ్ణి. ముప్పై ఏళ్లకి పైనే అయింది. చెప్పుకోవడంలో తప్పేం లేదు. మా సంగతి మేం చెప్పుకోవచ్చు, పక్కవాడు సభ్యుడా కాదా అని మాత్రం చెప్పం.

ఉచిత_కొత్తనార్ వెటకారంగా అన్నా అసలు మొదలు అక్కడే. ఇంగ్లండులో రాతిపని మేస్త్రీల సంఘాలుండేవి. పోనుపోను చేతిలో తాపీ పట్టనివాళ్లు కూడా అందులో చేరారు. 1717లో లండన్‌లో లాడ్జిలకి పైన ఉండే గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నారు. పనిముట్లు మాత్రం అవే మిగిలాయి: మూలమట్టం, రసమట్టం, తూకంగుండు, వృత్తలేఖిని. మూలమట్టం అంటే నడవడి సూటిగా ఉండాలని, రసమట్టం అంటే పెద్దా చిన్నా లేదని, ఇలా ఒక్కోదానికి ఒక్కో నీతి చెబుతాం. ఆప్రాన్ కూడా మేస్త్రీదే.

పాపా, నీ ఆప్రాన్ మీద గుడ్డతో కుట్టిన పువ్వుల్లాంటివి ఉన్నాయా? ఉంటే ఎన్ని? లేక ఇంకేమైనా ఉందా? సరిగ్గా చూసి చెప్పమ్మా.

పురసవాక్కం_పాప:
పువ్వుల్లేవండి. మూడు వెండి ముక్కలున్నాయి. ఇంగ్లీషు టీ అక్షరాన్ని తలకిందులుగా పెడితే ఎలా ఉంటుందో అలా.

పెరంబూరు_పెదనాన్న:
ఆఁ! అయితే మీ తాతగారు మామూలు సభ్యుడు కాదు. కొత్తగా చేరినవాడిది ఉత్త తెల్ల ఆప్రాన్. రెండో మెట్టుకి రెండు పువ్వులు, మూడో మెట్టు ఎక్కి మాస్టర్ మేసన్ అయితే మూడు పువ్వులు, నీలం అంచు. పువ్వుల చోట తలకిందుల టీలు వచ్చాయంటే ఆయన ఆ లాడ్జికి ఒక ఏడాది మాస్టర్‌గా చేసినట్టు. అంటే తూర్పున పెద్ద కుర్చీలో కూర్చున్నవాడు. హార్బర్ గుమాస్తా కదూ? ఆ ఏడాది ఆయన పై ఆఫీసర్లు ఎవరైనా అదే లాడ్జిలో ఉంటే, వాళ్లంతా లేచి నిలబడి ఆయన్ని "వర్షిప్‌ఫుల్ మాస్టర్" అని పిలవాల్సిందే.

పురసవాక్కం_పాప:
ఒక్క నిమిషం. ఇది నాన్నకి చదివి వినిపించాలి.

నిజం_నిప్పులాంటిది:
చూశారా, "వర్షిప్‌ఫుల్". పూజించడం. నేను చెప్పిందేగా.

హైకోర్టు_గుమాస్తా:
పాత ఇంగ్లీషులో ఆ మాటకి గౌరవనీయుడు అనే అర్థం. మన కోర్టుల్లో "మై లార్డ్" అంటాం, జడ్జిగారికి హారతి ఇస్తున్నామా?

లెక్కల_మేస్టారు:
ఆ వెండి బిళ్ల ఎలా ఉందో కాస్త వర్ణించు తల్లీ. "యంత్రం" అన్నాడన్నావు. అందులో గీతలు ఎలా ఉన్నాయి?

పురసవాక్కం_పాప:
పైన మూలమట్టంలాంటిది. దాని లోపల వేలాడుతూ చిన్న వెండి రేకు. రేకు మీద ఒక త్రిభుజం, దానికి మూడు పక్కలా మూడు చదరాలు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది.

లెక్కల_మేస్టారు:
ఓరి దేవుడా.

అది పైథాగరస్ సిద్ధాంతం. లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం. యూక్లిడ్ మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదన. ముప్పై నాలుగేళ్లు బోర్డు మీద గీసిన బొమ్మ అది. ఆ బొమ్మకి భయపడేవాళ్లని చాలామందిని చూశాను, క్షుద్రం అన్నవాణ్ణి మాత్రం ఇదే వినడం.

ఆవడి_అబ్బాయి:
పదో తరగతిలో నాకూ క్షుద్రమనే అనిపించింది సార్.

పెరంబూరు_పెదనాన్న:
మేస్టారు కరెక్టు. మాస్టర్‌గా చేసి దిగినవాళ్లకి ఇచ్చే బిళ్ల అదే. మూలమట్టం, దాని లోపల 47వ ప్రతిపాదన. తాడుకి ముడులు వేసి మూడు, నాలుగు, ఐదు కొలతలతో లంబకోణం రాబట్టడం మేస్త్రీలకి రోజువారీ పని. అందుకే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఉచిత_కొత్తనార్:
మా కొత్తనార్‌కి (తమిళంలో తాపీమేస్త్రీ) ఈ సిద్ధాంతం తెలిసుంటే మా బాత్రూం గోడ వంకర వచ్చేది కాదు.

తులసికోట:
అదంతా సరే. ఆ రహస్యాలేంటో మీ నాయనమ్మకి ఎందుకు చెప్పలేదు? క్లబ్బుకెళ్లి భోంచేసి రావడానికి అంత మూసిపెట్టడం దేనికి? మా మావగారు కూడా సభ్యుడే (పోయారు, చెప్పొచ్చు అనుకుంటా). మా అత్తగారు చచ్చేదాకా ఆ హాలు గుమ్మం లోపల కాలు పెట్టలేదు. ఆడవాళ్లని చేర్చుకోరు. రసమట్టం అంట, పెద్దా చిన్నా లేదంట!

పెరంబూరు_పెదనాన్న:
చేర్చుకోం, నిజమే. దాచుకోవడానికేం లేదు. ఆడామగా కలిసి కూర్చునే కో-మేసనరీ వేరే ఉంది. దాన్ని మన దేశానికి తెచ్చింది అనీ బిసెంటే, మన అడయారావిడే. మా గ్రాండ్ లాడ్జి దాన్ని గుర్తించదు. నన్ను తిట్టకండి, ఆ నియమాలు నేను పెట్టినవి కావు.

తులసికోట:
నియమాలు ఎవరు పెట్టినా శనివారం రాత్రి పదకొండింటికి తలుపు తీసింది మా అత్తగారే.

ఓఎంఆర్_కోడర్:
నాకిదంతా తెల్లదొరల మిగులు సామానులా కనిపిస్తోంది. మే నెలలో నల్ల సూటు వేసుకోవడమే బానిసత్వం. దొరలతో భుజం రాసుకుంటే ప్రమోషన్ వస్తుందని మనవాళ్లు ఎగబడి ఉంటారు.

హైకోర్టు_గుమాస్తా:
"ఎగబడి" అంటున్నావు గానీ తమ్ముడూ, మనవాళ్లని రానిస్తేగా. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇండియాలో మొదటి లాడ్జి కలకత్తాలో, 1730లో. మద్రాసులో 1752లో. అప్పటికి ఫ్రెంచివాళ్లు మద్రాసుని తిరిగి అప్పజెప్పి మూడేళ్లే. మొదట్లో అంతా కంపెనీ ఉద్యోగులు, సిపాయి అధికారులు. వీళ్లలో వీళ్లకే పడేది కాదు. ఇంగ్లండులో యాన్షియెంట్స్, మోడర్న్స్ అని రెండు ముఠాలు. (మోడర్న్స్‌వే పాత లాడ్జిలు, యాన్షియెంట్సే తర్వాత వచ్చింది. ఇది వింటే మన పార్టీల పేర్లు గుర్తొస్తాయి.) అక్కడ ఆ రెండూ కలవడానికి 1813 దాకా పట్టింది. మద్రాసులో మాత్రం 1786లోనే, బ్రిగేడియర్ జనరల్ హార్న్ హయాంలో రాజీ పడ్డారు. ఆ ఏడు పుట్టిన లాడ్జికి పర్ఫెక్ట్ యునానిమిటీ అని పేరు పెట్టుకున్నారు. సంపూర్ణ ఏకాభిప్రాయం అన్నమాట.

ఇక మనవాళ్ల సంగతి. మొట్టమొదట చేరిన భారతీయుడు ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పెద్ద కొడుకు ఉమ్దత్-ఉల్-ఉమరా. 1775 ప్రాంతంలో, తిరుచిరాపల్లిలో. లండన్ గ్రాండ్ లాడ్జివాళ్లు మురిసిపోయి అభినందన లేఖా, అలంకరించిన ఆప్రానూ పంపారు. తెచ్చింది సర్ జాన్ డే, కలకత్తాకి అడ్వకేట్ జనరల్‌గా వస్తూ. ఈయన పార్శీలో జవాబు రాశాడు. అన్నదమ్ములమయ్యాం అన్నమాట.

తర్వాతేమైంది? 1795లో ఈయన నవాబయ్యాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు కాగితాల్లో నీ ఉత్తరాలు దొరికాయి, శత్రువుతో కుమ్మక్కయ్యావు అన్నారు. 1801 జులైలో ఆయన చేపాక్కంలో మంచాన పడి ఉండగా కంపెనీ సిపాయిలు వచ్చి ప్యాలెస్ చుట్టూ కాపలా కాశారు. ఆయన కన్ను మూయగానే కొడుకు ముందు సంతకం పెట్టమని కాగితం పెట్టారు. కొడుకు కాదన్నాడు. అయితే నువ్వు నవాబువి కాదన్నారు. దగ్గరి చుట్టాన్ని ఒకణ్ణి కూర్చోబెట్టి రాజ్యం మొత్తం రాయించుకున్నారు. నెల్లూరు నుంచి తిరునెల్వేలి దాకా.

కాబట్టి ఓఎంఆర్_కోడర్, ఆ ఆప్రాన్ వల్ల ప్రమోషన్ రాదు. ఉన్న రాజ్యం కూడా నిలవలేదు.

ఓఎంఆర్_కోడర్:
సార్, మీరు నా మాటనే ఇంకా గట్టిగా చెప్పారు. "అన్నదమ్ములం" అన్నది ఉత్త నాటకం.

పెరంబూరు_పెదనాన్న:
కంపెనీ చేసిన పాపం లాడ్జికి అంటగట్టడం న్యాయం కాదు. లాడ్జిలో రాజకీయం మాట్లాడకూడదు, మతం మాట్లాడకూడదు. అదే మొదటి నియమం.

హైకోర్టు_గుమాస్తా:
రాజకీయం మాట్లాడరు సరే, ప్యాలెస్ చుట్టూ నిలబడ్డ అధికార్లలో ఎందరు మేసన్లో ఎవరు లెక్కపెట్టారు పెదనాన్నా. లాడ్జి అంతటికీ అంటగట్టను గానీ, గుమ్మం దాటి బయటికొస్తే ఆ అన్నదమ్ముల వరస చెల్లలేదన్నది మాత్రం ఖాయం.

సౌకార్‌పేట_శెట్టి:
నవాబుని చేర్చుకున్నారు, మరి మన దుబాషీలు, శెట్లు, నాయుళ్లు? దొరల ఖజానాలు నడిపింది మనవాళ్లేగా.

హైకోర్టు_గుమాస్తా:
హిందువుల దగ్గర పెద్ద పేచీ వచ్చింది. సభ్యుడు ఒకే పరమేశ్వరుణ్ణి నమ్మాలి, ఆయన్ని వీళ్లు విశ్వానికి మహా శిల్పి అంటారు. "మీకు దేవుళ్లు ఎక్కువ, దేని మీద ప్రమాణం చేస్తారు?" అన్నారు. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే ఆయన దాదాపు పదేళ్లు కొట్లాడి 1872లో చేరాడు. ఆ తర్వాత దారి తెరుచుకుంది. వివేకానందుడు 1884లో కలకత్తాలోనే ఒక లాడ్జిలో చేరాడు, అప్పటికింకా నరేంద్రుడు. మన మద్రాసులో భారతీయ సభ్యుల కోసమని 1883లో లాడ్జ్ కర్నాటిక్ వచ్చింది.

పెరంబూరు_పెదనాన్న:
ప్రమాణం ఎవరి గ్రంథం మీద వాళ్లు చేస్తారు. బల్ల మీద గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథం పక్కపక్కనే ఉంటాయి. నేను చేరిన రోజున నన్ను అడిగి మరీ గీత తెరిచి పెట్టారు.

పాతమేడల_పిచ్చి:
ఓఎంఆర్_కోడర్‌కి ఒక్క మాట. ఆ రోజుల్లో మద్రాస్ క్లబ్బు (1832) లోపలికి భారతీయుడు సభ్యుడిగా అడుగు పెట్టడానికి 1960లు రావలసి వచ్చింది. అది భరించలేకే 1873లో కాస్మొపాలిటన్ క్లబ్బు పెట్టుకున్నారు. దాంతో పోలిస్తే లాడ్జి తలుపు కాస్త ముందే తెరుచుకుంది. పూర్తిగా కాదు, కాస్తే.

నిజం_నిప్పులాంటిది:
అందరూ చరిత్ర చెప్తున్నారు గానీ అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. లోపల ఏం జరుగుతుంది? మా అమ్మమ్మ వాళ్లు "తలవెట్టి కోయిల్" అనేవాళ్లు. తల నరికే గుడి! ఊరికే అంటారా?

సౌకార్‌పేట_శెట్టి:
ఆ మాట మా ఇంట్లోనూ ఉంది. అన్నం తినకపోతే తలవెట్టి కోయిల్లో ఇచ్చేస్తా అనేది మా అవ్వ. హైదరాబాదులో గోషామహల్ బారాదరి గురించీ ఇలాంటి కథలే. 1872 నుంచి అది మేసన్ల చేతిలోనే ఉంది. అటు ఉత్తరాదిన జాదూఘర్ అంటారు.

పెరంబూరు_పెదనాన్న:
దానికి కారణం ఉంది. గుమ్మం బయట కత్తి దూసి ఒకాయన కాపలా ఉంటాడు, టైలర్ అంటాం. (బట్టలు కుట్టేవాడు కాదు.) కొత్తగా చేరేవాడి కళ్లకి గంతలు, మెడలో తాడు, ఒక పంట్లాం కాలు మోకాలిదాకా మడత. ఇవన్నీ పుస్తకాల్లో అచ్చయినవే, నేను కొత్తగా బయటపెట్టిందేం లేదు. పాతకాలపు ప్రమాణంలో "మాట తప్పితే గొంతు కోసుకున్నట్టే" అనే మాటలుండేవి. ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి 1986లో ఆ శిక్షల మాటలు ప్రమాణంలోంచి తీసేసింది. ఏ వంటవాడో, ఏ బంట్రోతో తలుపు సందులోంచి కత్తీ, తాడూ, గంతలూ చూసుంటాడు. ఊరికి చెప్పడానికి అది చాలదూ?

మిగతాదంతా వింటే నీరసం వస్తుంది. పోయిన నెల మినిట్స్ చదవడం, కొత్తవాడి పేరు మీద ఓటు (తెల్ల గోళీ వేస్తే సరే, నల్ల గోళీ వేస్తే కాదు), దానధర్మాల డబ్బు వసూలు, ఆపైన భోజనం. భోజనం దగ్గర ప్రసంగాలు. ఒక్కోసారి ఆ ప్రసంగాల కన్నా గొంతు కోయడమే నయమనిపిస్తుంది.

కారందోశ:
చేతులు కలిపేటప్పుడు ఏదో గుర్తు ఉంటుందటగా? అదొక్కటి చెప్పండి పెదనాన్నా, ఎవరికీ చెప్పం.

పెరంబూరు_పెదనాన్న:
చెప్పను.

కారందోశ:
సగం చెప్పండి.

రిటైర్డ్_రైల్వే:
ఎగ్మోరు హాలు గురించి రాశారు, అసలు పాత గుడి ఎక్కడుందో ఎవరూ రాయలేదే. మెరీనా మీద డీజీపీ ఆఫీసు ఉంది చూడండి, తెల్లటి స్తంభాలతో, బీచి వైపు చూస్తూ. అది పోలీసుల కోసం కట్టింది కాదు. 1839లో మేసన్లు కట్టుకున్నది, హైకోర్టు గుమాస్తా చెప్పిన ఆ పర్ఫెక్ట్ యునానిమిటీ లాడ్జిదే. 1865లో మద్రాసు పోలీసు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ రాబిన్సన్ దాన్ని నెలకి 90 రూపాయల అద్దెకి తీసుకున్నాడు. 1874లో 20,000 రూపాయలకి కొనేశారు.

కారందోశ:
మెరీనా ఎదురుగా బంగళా నెలకి 90 రూపాయలు. అడ్వాన్సు పది నెలలు అడిగారా?

పాతమేడల_పిచ్చి:
దాన్ని 1990ల్లో కూల్చేసి పెద్ద టవరు కట్టాలనుకున్నారు. పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థవాళ్లు కోర్టుకెక్కితే ప్రభుత్వం వెనక్కి తగ్గి పాతదాన్నే బాగు చేయించింది. ఇప్పుడు మనం చూస్తున్నది అదే.

నిజం_నిప్పులాంటిది:
అంటే పోలీసు హెడ్డాఫీసే మేసన్ల గుడి! ఇంకేం రుజువు కావాలి!!

హైకోర్టు_గుమాస్తా:
గుడి అమ్మేసి వెళ్లిపోయారు బాబూ. ప్రపంచాన్ని ఏలేవాళ్లు అద్దె బేరాలు ఆడరు.

పురసవాక్కం_పాప:
నాన్న నిన్న రాత్రి నోరు విప్పారు. మేస్టారి పైథాగరస్ పోస్టు, పెదనాన్నగారి తలకిందుల టీల పోస్టు చదివి వినిపించాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

శనివారం రాత్రి తాతగారు వచ్చేసరికి నాయనమ్మ పెరటి తలుపు దగ్గర తువ్వాలు పెట్టుకుని నిలబడేదట. వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. బావి దగ్గర నాలుగు చేదల నీళ్లు పోసుకుని, కోటు అక్కడే దండెం మీద వేసి, అప్పుడు లోపలికి. ఎందుకంటే అక్కడ అన్ని కులాలవాళ్లూ, తురకలూ, దొరలూ ఒకే బల్ల దగ్గర తింటారని ఆవిడకి ఎవరో చెప్పారు. (అంటే లాడ్జి అంటే ఏదో తర్వాత్తర్వాత తెలిసే ఉంటుంది. ఏడుపు మాత్రం ఆపలేదు.) డిసెంబరు వానల్లో కూడా ఆ స్నానం తప్పలేదట. తాతగారు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు, వెళ్లడమూ మానలేదు.

తులసికోట:
పెరటి తలుపు దగ్గర తువ్వాలుతో నిలబడ్డ మనిషి కళ్లకి కట్టింది.

ఓఎంఆర్_కోడర్:
ఇది వినడానికి ముచ్చటగా ఉంది గానీ, అది అంటు పట్టింపే కదండీ. బావిగట్టు స్నానం అని ముద్దుగా చెప్పుకుంటే సరిపోతుందా?

పురసవాక్కం_పాప:
ముద్దుగా చెప్పలేదండి. నాన్న కూడా చెప్పేటప్పుడు తల ఎత్తలేదు.

సౌకార్‌పేట_శెట్టి:
మా ఇంట్లోనూ ఇదే. మా పెద్ద తాత ఆ బల్ల దగ్గర అరటిపండూ సోడా మాత్రం తీసుకుని వచ్చేవాడట. అదే బల్ల దగ్గర కూర్చున్నాడు, అదే ఎక్కువ అనుకోవాలి. లాడ్జిలో సమానం, ఇంటికొస్తే స్నానం. ప్రాస బాగా కుదిరింది.

ఓఎంఆర్_కోడర్:
ఒప్పుకుంటా, గుమాస్తా ఆఫీసరు ముందు పెద్ద కుర్చీలో కూర్చోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ ఆప్రాన్, సూటు, భోజనం ఖర్చు పెట్టుకోగలిగినవాడికే ఆ సమానత్వం. హార్బర్‌లో మూటలు మోసినవాణ్ణి రానిచ్చారా?

పెరంబూరు_పెదనాన్న:
లేదు. మా లాడ్జిలో నేను చూసినంతలో లేదు.

రిటైర్డ్_రైల్వే:
పెదనాన్న ఒక్క మాటలో ఒప్పుకున్నాడు, మెచ్చుకోవాలి.

ఆవడి_అబ్బాయి:
లండన్ సర్టిఫికెట్టు ఒకటి, ఢిల్లీది ఒకటి అన్నారు కదా. రెండెందుకు?

పెరంబూరు_పెదనాన్న:
స్వతంత్రం వచ్చినా లాడ్జిలు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ గ్రాండ్ లాడ్జిల కిందే ఉండేవి. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్. చాలా లాడ్జిలు అందులోకి మారి కొత్త నంబర్లు తీసుకున్నాయి. కొన్ని ఇంగ్లండ్ కిందే ఉండిపోయాయి. బిళ్ల వెనక ఏ సంవత్సరం ఉందమ్మా?

పురసవాక్కం_పాప:
1964. లాడ్జి పేరూ, నంబరూ ఉన్నాయి, ఇక్కడ రాయను.

పెరంబూరు_పెదనాన్న:
రాయకు. ఎగ్మోరు వెళ్లి అడుగు. బిళ్ల, సర్టిఫికెట్లు పట్టుకెళ్లు. పుస్తకం మాత్రం ఈ వేదికలో ఫోటో పెట్టకు తల్లీ, ముసలాణ్ణి, నా మాట విను.

కారందోశ:
పెట్టండి పెట్టండి.

తులసికోట:
నన్నూ తీసుకెళ్లు పాపా. మా అత్తగారి తరఫున ఒక్కసారి ఆ గుమ్మం దాటతా.

(నాలుగు రోజుల తర్వాత)

పురసవాక్కం_పాప:
వెళ్లాం. నేను, నాన్న, తులసికోటగారు. ముందు ఫోను చేస్తే మీటింగు లేని రోజు రమ్మన్నారు. లోపల పెద్ద హాలు, నేలంతా నలుపూ తెలుపూ గళ్లు. తూర్పున పెద్ద కుర్చీ, పడమట ఒకటి, దక్షిణాన ఒకటి. ఉత్తరాన ఏమీ లేదు. నాన్న ఆ తూర్పు కుర్చీ ముందు కాసేపు అలా నిలబడిపోయారు. కూర్చుంటారా అని అడిగితే వద్దన్నారు.

ఒక పెద్దాయన పాత సంతకాల పుస్తకాలు తీయించారు. సభకి వచ్చినవాళ్లంతా గుమ్మం దగ్గర సంతకం చేసి లోపలికి వెళ్లాలట. చెదలు కొంత తినేసింది. 1964 దొరికింది. పేజీ నిండా ఇంగ్లీషు సంతకాలు, మెలికలు తిరిగినవి, గొలుసుకట్టువి. మధ్యలో ఒక్కటి తెలుగులో. గుండ్రంగా, ఇంటిపేరుతో సహా పూర్తిగా. కిందా పైనా పేజీలు తిప్పితే ప్రతి నెలా అంతే, ఒక్క నెల తప్పకుండా.

నాన్న దగ్గర తాతగారి ఆఫీసు కాగితాలున్నాయి. వాటి మీద అన్నీ ఇంగ్లీషు సంతకాలే.

లెక్కల_మేస్టారు:
ఈ పోస్టు రెండుసార్లు చదివాను.

తులసికోట:
నేను గుమ్మం దాటాను. అంత చూడదగ్గదేం లేదు, ఫ్యాన్లు మాత్రం బావున్నాయి. మా అత్తగారు చూసుంటే "ఇందుకా!" అనేది.

హైకోర్టు_గుమాస్తా:
మరి అమావాస్య సంగతి? మీ అత్త ఒప్పుకుందా?

పురసవాక్కం_పాప:
బిళ్ల సముద్రంలో కలపట్లేదు. ఇది ఎనిమిదో తరగతి లెక్క అని చెప్పి, మా చెల్లెలి కొడుకు పాఠ్యపుస్తకం తెరిచి చూపించాను. అత్త బొమ్మ పక్కన బొమ్మ పెట్టి పోల్చుకుంది. "పుస్తకంలో కూడా ఉందంటే శక్తి ఉన్నదే" అంది. పొద్దున లేచి చూస్తే దేవుడి గూట్లో లక్ష్మీదేవి పక్కన పెట్టి కుంకుమబొట్టు పెట్టేసింది.

కారందోశ:
పురోహితుడికి ఈ లింకు పంపండి.

లెక్కల_మేస్టారు:
బొట్టు ఎక్కడ పెట్టింది తల్లీ, కర్ణం మీదా, భుజం మీదా?

పురసవాక్కం_పాప:
మూడు చదరాల్లోనూ పెట్టింది సార్. పెద్దదాంట్లో పెద్ద బొట్టు.

లెక్కల_మేస్టారు:
అయితే చిన్న బొట్లు రెండూ కలిపితే పెద్ద బొట్టంత అయ్యాయో లేదో చూడు.